కంచుతల నోరు కట్టిన పాకం

శంఖిణి నది పొంగి రత్నకుంభం కోటలోని ఏనుగుల కొట్టాలను ముంచిన వరదకు అది నాలుగో ఏడు. ఆ వరదలో పట్టపుటేనుగు కాలి గొలుసు తెంపుకోలేక నిలబడినచోటే మునిగిపోయింది. అప్పటినుంచి ఆ రాజ్యంలో పెళ్ళయినా చావయినా ఏనుగు మునిగిన ఏటినుంచే లెక్క. ఆ నాలుగో ఏట, చెరకు గానుగలు ఆడే రోజుల్లో, పోలన్న కంకాళగిరి ఎక్కాడు.

పోలన్న రాకుమారుడు కాడు. బెల్లం వండేవాడు. నడుముకు కత్తి లేదు, ఎక్కడానికి గుర్రం లేదు. ఆరు రోజుల కిందట భస్మకేశుడనే మాంత్రికుడు గద్ద రూపంలో దిగి, గానుగ దగ్గర చెరకు అందిస్తున్న అతని భార్య గురివిని ఎత్తుకుపోయాడు. పోలన్న చేతిలోని తెడ్డు విసిరాడు. అది గద్ద రెక్కకు తగిలింది. గద్ద గాలిలోనే వెనక్కి తిరిగి, అతని ముఖం బాగా చూసి మరీ వెళ్ళింది.

గద్ద ఎందుకు ఎత్తుకుపోయిందో రాజ్యమంతటికీ తెలుసు. ఎనిమిదిమంది ఆడవాళ్ళను రాతి కంబాలుగా నిలిపి, వాటి మీద కప్పు వేసి, ఆ కప్పు కింద కూర్చుంటే మాంత్రికుడికి చావు ఉండదు. ఆ కొండ మీద ఒక కంచుతల ఉంది. సాయంత్రం పొద్దు కుంగేవేళ అది మంత్రం చదువుతుంది. చదివిన ప్రతిసారీ మనిషి జానెడు మేర రాయి అవుతుంది. ఏడు జానల మనిషికి ఏడు సాయంత్రాలు. ఏడు కంబాలు అయిపోయాయి. ఎనిమిదోది గురివి. ఈ సంగతి రాజుకూ తెలుసు. రాజు కోట తలుపులు మూయించుకుని కూర్చున్నాడు.

పోలన్న తల గొరిగించుకున్నాడు. మీసం తీసేశాడు. ఎడమకంటికి గుడ్డ కట్టుకున్నాడు. కొండ కింద ఒక మిఠాయివాడు రాయి మీద కూర్చుని ఏడుస్తున్నాడు. కంచుతలకు రోజూ ఒకరు వండిపెట్టాలి; ఆ రోజు వంతు అతనిది. పోలన్న తాను పోతానన్నాడు. ఆ మిఠాయివాడు వంతు గుర్తుగా కట్టిన ఎముక బిళ్ళ మెడలోంచి తీసి పోలన్న మెడలో వేశాడు.

"ఒక్కటే తెలుసన్నా నాకు," అన్నాడు. "అది ఎంగిలి నోటితో మంత్రం చదవదంట. నోట్లో ఏదైనా ఉన్నంతసేపూ నోరు మూసుకునుంటదంట. కానీ ఏం పెట్టినా రెప్పపాటులో మింగేస్తదంట. నే పోయొస్తానన్నా, పిల్లలున్నారు."

వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

కొండదారిలో మొదటి గండం జడల వంతెన. కంబాలైపోయిన ఆడవాళ్ళ జడలు కోసి పేని, లోయకు అడ్డంగా కట్టారు. అడుగు వేస్తే జడలు కాలికి చుట్టుకుంటున్నాయి. పోలన్న చెప్పులు విడిచి, ఒక్కో వెంట్రుకనూ కాలివేలితో పక్కకు తీస్తూ దాటాడు. కింద లోయలో నీళ్ళు లేవు. తెల్లటి చేతులు పైకి ఎత్తి ఉన్నాయి, జొన్నచేను లాగా, గాలి లేకుండానే ఊగుతున్నాయి.

రెండో గండం పొగకుక్కలు. అవి మనిషిని కరవవు. మనిషి నీడను కరుస్తాయి. నీడ తెగినవాడు అక్కడే కూలిపోతాడు. పోలన్న ఒక బండ వెనక కూర్చుని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగాడు. నీడ పాదాల కిందికి పోయాక లేచి నడిచాడు. కుక్కలు చుట్టూ చేరి నేల వాసన చూశాయి. వాటి నాలుకలు మడమలకు తగులుతుంటే మంచు తగిలినట్టుంది. అతను అడుగు వేగం పెంచలేదు. గుహ గుమ్మం వచ్చేసరికి ఒళ్ళంతా చెమట.

గుమ్మంలో భస్మకేశుడు నిలబడి ఉన్నాడు.

మనిషి సన్నగా, తాటిచెట్టంత పొడుగు. జుట్టంతా బూడిదే. కదిలినప్పుడల్లా రాలుతుంది, రాలినచోట గడ్డి మాడుతుంది. కుడిచేయి మెడకు గుడ్డతో కట్టుకుని ఉన్నాడు. తెడ్డు దెబ్బ. పోలన్న ఆ చేతివైపు చూడలేదు.

"ఏరా, ఆలస్యం?"

"దారి తెలీలేదు సామీ."

మాంత్రికుడు వంగి పోలన్న మెడ దగ్గర ముక్కు పెట్టాడు. "బెల్లం వాసనొస్తోందే."

"మిఠాయివాణ్ణి కదా సామీ. మొగలిపూల వాసనెక్కణ్ణుంచొస్తది."

"ఆ కన్నేమైంది?"

"పాకం చిట్లింది."

మాంత్రికుడు గుడ్డ అంచు గోటితో పట్టుకున్నాడు. గోరు చెంపకు తగిలింది. గోరు కాసేపు అక్కడే ఆగి, వెనక్కి పోయింది.

"నువ్వు కంటితో వండవు కదా. పో. నేను పాతాళవేరు తేవడానికి పోతున్నాను. రేపు పొద్దున వస్తాను. వచ్చేసరికి ఎనిమిదో కంబం నిలబడి ఉండాలి. నీ సంగతి ఆ తల చూసుకుంటుంది."

గద్ద అయ్యాడు. ఒక రెక్క సరిగా చాచలేక, ఒకవైపుకు ఒరుగుతూ తూర్పుకు ఎగిరిపోయాడు.

గుహ లోపల మెట్లు దిగాలి. మెట్లకు రెండువైపులా రాతిబొమ్మలు. ఒకడి చేతిలో గరిటె, ఒకడి చేతిలో జల్లెడ, ఒకడు నోటి దగ్గర వేలు పెట్టుకుని రుచి చూస్తున్నాడు. అందరూ వంటవాళ్ళే. ముఖాల మీద పిండి కూడా రాయి అయింది.

మెట్ల కింద మండపం. పైన కొండ చీలి ఉంది, ఆ చీలికలోంచి ఎండ పచ్చగా పడుతోంది. ఏడు కంబాలు ఏడు రంగుల రాయి. ఒకటి చంద్రకాంతం లాగా తెలుపు, ఒకటి నెమలి మెడ రంగు, ఒకటి పచ్చి మాంసం రంగు. ఒక ఆమె పైట సగం సర్దుకుని ఉంది. ఒక ఆమె చంకలో బిందె ఉంది. ఒక ఆమె చేయి చాపి ఉంది, ఎవరినో పట్టుకోబోతున్నట్టు. చెక్కిన శిల్పి ఎవడూ లేడు. చీర మడతలు, గాజులు, చెవి పక్క వెంట్రుకలు ఉన్నవి ఉన్నట్టు రాయిగా మారాయి. కళ్ళు మాత్రం ఏ ఒక్కరివీ మూసి లేవు.

ఎనిమిదో చోట గురివి. మెడ దాకా బూడిదరంగు రాయి. మెడ పైన చెమట పట్టిన మామూలు ముఖం.

ఎదుటి గోడలో కంచుతల. నిలువెత్తు ఉంది. చేటంత నోరు. పళ్ళు పొత్రాలంత. కళ్ళు తెరిచి కొత్తగా వచ్చినవాణ్ణి చూసింది. బావిలోంచి వచ్చినట్టు గొంతు.

"ఒంటికన్నోడా. ఏం వండుతావు?"

"బెల్లంతో వండుతాను."

"నిన్నటివాడు పాలతో వండాడు. నాకు నచ్చలేదు. మెట్ల మీద చూశావుగా, కొసన ఉన్నాడు."

పొయ్యి పక్కనుంచి ఒక ముసలామె వచ్చింది. కుడిపాదం రాయి. నడిస్తే టక్కుమని మోగుతోంది. పేరు దాలమ్మ. నలభై ఏళ్ళుగా ఆ గుహలో పొయ్యి ముట్టించే పని ఆమెది. పారిపోకుండా ఒక్క పాదానికే మంత్రం చదివించాడు మాంత్రికుడు.

"మూడు వాయిలు, నాయనా," అంది. "పొద్దు కుంగేలోపు మూడు వాయిలు పెట్టాల. మూడోదీ నచ్చకపోతే నీకూ మంత్రమే. వంటోళ్ళకి జానల లెక్క లేదు, ఒక్కసారే. ఇంకోటి. నేలకి తగిలింది పెట్టకు. ముట్టదు. ఒక్క చుక్క నేల మీద పడినా అది నైవేద్యం కాదు."

"మంత్రం?"

"ఎట్టాగూ చదువుద్ది. నువ్వు పెట్టేదానికీ ఆ పిల్లకీ సంబంధం లేదు. ఇదివరకోడు గునపం తెచ్చి కొట్టాడు. గునపం వంగింది. వాడు మూడో మెట్టు మీదున్నాడు."

పోలన్న పెనం కడిగాడు. నల్లబెల్లం దిమ్మలు కొట్టి వేశాడు. నీళ్ళు పోశాడు. మడ్డి తీశాడు. గురివివైపు చూడలేదు. చూస్తే చేతులు ఆడవని తెలుసు.

మొదటి వాయి ఉండపాకం. నువ్వులు కలిపి గుమ్మడికాయంత ఉండ చుట్టాడు. కంచుతల నోరు తెరిచింది. ఉండ లోపల పడింది. గుటక వినబడింది.

"మెత్తగా ఉంది. రెండోది తే."

అంతే. ఊపిరి తీసి వదిలేంతసేపు కూడా నోట్లో నిలవలేదు.

రెండో వాయి ముదురుపాకం పట్టాడు. చల్లటి నీళ్ళలో చుక్క వేసి, తీసి పళ్ళెం మీద వేస్తే ఠంగుమంది. పలక పోసి ఆరబెట్టాడు. పీటంత అచ్చు. కంచుతల దాన్ని అప్పడంలా నమిలింది. రాళ్ళు పగిలిన చప్పుడుకు గబ్బిలాలు లేచాయి.

"గట్టిగా ఉంది. అయినా అయిపోయింది. ఇంకోటి ఉందా, ఒంటికన్నోడా, నిన్నే కలుపుకు తినమంటావా?"

చీలికలోంచి పడే ఎండ ఎర్రబడింది. గురివి పాదాల దగ్గరున్న వెలుగు మెల్లగా పైకి జరుగుతోంది. అది ఆమె తల దాటి పోతే పొద్దు కుంగినట్టు.

మూడో వాయి పొయ్యి మీద పెట్టాడు. మంట ఎగదోశాడు. పాకం ఉడుకుతోంది. తెడ్డు పెనానికి తగిలి టకటకమంది. మెత్తగా పెడితే మింగుతుంది, గట్టిగా పెడితే నములుతుంది. మూడోది ఎలా పెట్టాలో అతనికి తెలియదు. గుడ్డ కట్టిన కంటిలోంచి కూడా నీళ్ళు కారాయి.

అప్పుడు గురివి మాట్లాడింది.

"వంటాయనా."

పోలన్న తల తిప్పలేదు.

"మా ఆయన బెల్లం వండుతాడు. ఈ పాటికి దించేసేవాడు. నీకు ముక్కు కూడా లేదా, కన్నొకటే పోయిందా? వాసన మారింది. దించు."

గొంతు మామూలుగానే ఉంది. గానుగ దగ్గర పదిమందిలో అతన్ని ఎద్దేవా చేసే గొంతే. అతను తెడ్డు తిప్పే తీరు చూసి ఎప్పుడో పోల్చుకుంది. తలకు అనుమానం రాకుండా ఆ మాట అట్లా చెప్పింది.

పోలన్న పెనం దించాడు. అప్పటికి పాకం ఉండకు ముదురు, అచ్చుకు లేత. ఎందుకూ పనికిరాని పాకం. పారబోసి మళ్ళీ పెట్టే పొద్దు లేదు. నూనె రాసిన బండ మీద పోశాడు. చేతులకు నూనె రాసుకుని, వేడి వేడిగానే ముద్ద చేసి ఎత్తాడు. అరచేతులు కాలాయి. ముద్ద జారింది.

నేలకు తగిలితే అయిపోయినట్టే. పోలన్న పడబోతున్న ముద్దను రెండు చేతులతో ఎగరేశాడు. పక్కనే గుంజకు ఒక దుప్పికొమ్ము కొట్టి ఉంది, గరిటెలు తగిలించడానికి. ముద్ద కొమ్ముకు పట్టుకుంది. పట్టుకుని, కిందికి సాగింది. రెండు తోకలుగా నేలవైపు జారుతోంది.

ఆ తోకలు నేలకు బెత్తెడు ఉండగా పట్టుకున్నాడు. లాగి, మడిచి, మళ్ళీ కొమ్ము మీద వేశాడు. మళ్ళీ సాగింది. మళ్ళీ పట్టుకున్నాడు. మడిచి వేశాడు. ఆగడానికి లేదు. ఆగితే నేల.

"ఏం చేస్తున్నావురా?" అంది కంచుతల.

"నైవేద్యం."

"నైవేద్యాన్ని ఉరేస్తారా?"

పోలన్న లాగుతున్నాడు, మడుస్తున్నాడు, విసురుతున్నాడు. దాలమ్మ రాతికాలు ఈడ్చుకుంటూ వచ్చి అతని చేతుల మీద నువ్వులు చల్లింది, అంటుకోకుండా. నల్లగా ఉన్న పాకం ఎర్రబడింది. ఇంకొంచెం లాగాక తేనెరంగు వచ్చింది. మోకులా పేనుకుంది. లోపల గాలి చేరి మెరుపు వచ్చింది. పిడికెడు పట్టుదారం లాగా, వెండితీగ లాగా, ఎండలో ఆరేసిన గోధుమవర్ణపు జడలాగా వేలాడింది. లాగినకొద్దీ వెనక్కి గుంజుతోంది, ప్రాణం ఉన్నదానిలాగా. అతని భుజాలు పట్టేశాయి. గోళ్ళ సందుల్లో నెత్తురు వచ్చింది.

ఎండ గురివి ముఖం మీదికి వచ్చింది. గడ్డం. పెదవులు. ముక్కు.

"మంత్రానికి వేళైంది," అంది కంచుతల. "పెడతావా, చదవనా?"

పోలన్న కొమ్ము మీదనుంచి మోకంతా ఊడదీసి, చుట్ట చుట్టి, రెండు చేతులతో ఆ నోట్లో కుక్కాడు. పళ్ళు మూసుకున్నాయి. అతని వేళ్ళు బయటికి వచ్చిన వెంటనే మూసుకున్నాయి.

కంచుతల నమిలింది. పాకం విరగలేదు. మింగబోయింది. దిగలేదు. మళ్ళీ నమిలింది. ఈసారి దవడ పైకీ రాలేదు, కిందికీ పోలేదు. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పాకం మేకులా నిలబడింది. కళ్ళు గిర్రున తిరిగాయి. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, పెద్ద గంట లోపల కందిరీగ తిరిగినట్టు.

ఎండ గురివి నుదుటి మీదనుంచి జుట్టు మీదికి, జుట్టు మీదనుంచి గోడకు పోయింది. గోడ మీదనుంచి కూడా పోయింది.

రాయి మెడ దగ్గరే ఆగింది.

"మావా," అంది గురివి, ఈసారి మెల్లగా. "పొద్దు కుంగింది."

పోలన్న కూలబడ్డాడు. చేతులు తెరుచుకోవడం లేదు. దాలమ్మ బండకు అంటుకున్న ముక్క గోటితో గీకి నోట్లో వేసుకుంది. చాలాసేపు దవడ ఆడించింది.

"జీడి పట్టుకున్నట్టు పట్టుకుందిరా నాయనా," అంది. "ఉన్న రెండు పళ్ళూ పోయేట్టున్నాయి. దీన్నేమంటారు?"

"పేరు లేదు. ఇప్పుడే అయింది."

"అయితే జీడే." ఆమె నవ్వింది. ఆ గుహలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో, తన నవ్వుకు తనే ఉలిక్కిపడి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత పోలన్న పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. "ఒక సంగతి దాచాను. వచ్చినోడల్లా చచ్చేవోడేగా, చెప్పి ఏం లాభమని. రాయి దిగే దారి కూడా ఆ నోరే. ఒకసారి మాంత్రికుడయ్య గుర్రం పొరపాటున రాయైపోతే, ఈ తల మంత్రం తలకిందులుగా చదివింది. గుర్రం ఇదిలించుకుని లేచింది. నా కళ్ళతో చూశాను. ఇంకెవరూ చదవలేరు. అయ్యకి కూడా రాదు."

పోలన్న కంచుతలవైపు చూశాడు. నోరు మూసి ఉంటే గురివి బతికి ఉంటుంది, మెడ దాకా రాయిగా. నోరు తెరిస్తే ఆమె దిగి రావచ్చు. లేదా మిగిలిన జానెడూ రాయి కావచ్చు. ఏది చదువుతుందో ఆ తల ఇష్టం.

తెల్లవారింది. చీలికలోంచి వెలుగు పడింది. దాలమ్మ మెట్లెక్కి చూసి వచ్చింది. టక్కు టక్కుమని తొందరగా వచ్చింది.

"తూర్పున మచ్చ కనబడతాంది. ఒక పక్కకి ఒరుగుతా ఎగురుతాంది."

అయ్య వస్తే తలకు ఆజ్ఞ ఇస్తాడు. పోనీ అతను రాకముందే ఎండ కంచు మీద పడితే, కంచు కాగుతుంది, పాకం కరుగుతుంది, తల దాన్ని మింగేసి వేళ తప్పిన మంత్రం చదువుకుంటుంది. ఎండ ఇప్పటికే దాని నుదుటి దాకా వచ్చింది.

"ఆజ్ఞ పెట్టకుండా దాని నోరు దానికి వదిలినోళ్ళు ఇంతవరకూ లేరు. అయ్య రాకముందే నువ్వు వదిలితే, తలకిందులుగా చదివినా చదువుద్దేమో," అంది దాలమ్మ.

పోలన్న కంటి గుడ్డ విప్పి పడేశాడు. కంచుతల ఎదుట నిలబడ్డాడు.

"తలకిందులుగా చదువుతావా?"

తల కదలలేదు. ఎడమకంటి మూలనుంచి ఒక చుక్క జారి, చెంప మీద పచ్చటి గీత గీసుకుంటూ దిగింది.

"అది ఏడుపా, కోపమా?" అన్నాడు.

"నలభై ఏళ్ళలో రెండూ చూళ్ళేదు నాయనా. ఆకలి ఒకటే చూశాను."

పోలన్న గురివి దగ్గరికి వెళ్ళాడు. ఆమె చెంప మీద చేయి వేశాడు. చెంప వెచ్చగా ఉంది. చేయి కింద మెడ చల్లగా ఉంది.

"దాని నోట్లో పాకం తీయమంటావా?"

"తీయి. ఇట్టా ఉంటే ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేను. తీసి, ఇటు చూడకు. పాకం చూసుకో."

"చెయ్యి పోతే?"

"పోయేది కుడిచెయ్యైతే ఎడంచేత్తో తిప్పు తెడ్డు. నేర్పుతా."

బయట రెక్కల చప్పుడు వినబడింది. మెట్ల మీద బూడిద రాలడం మొదలైంది.

పోలన్న కుడిచేతికి భుజం దాకా నూనె రాసుకున్నాడు. పళ్ళ సందులోంచి చేయి లోపలికి పెట్టాడు. ముంజేయి పోయింది, మోచేయి పోయింది. అంగిలికి అతుక్కున్న పాకం వేళ్ళకు దొరికింది. పిడికిట్లో బిగించాడు. గురివి చెప్పినట్టే అటు చూడలేదు. లాగాడు.

పాకం సాగింది. దాని వెనక నాలుక కదిలింది.